ఏ ఫంక్షన్ మీద గుర్తు పెట్టాం? ఆర్ భాషలో డీబగ్గింగు లెక్క

కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు రెండు రకాలు. ఒకటి నోరున్న తప్పు. బ్రాకెట్టు మూయకపోయినా, కామా మరిచిపోయినా కంప్యూటరు అక్కడికక్కడే ఆగి మనల్ని మందలిస్తుంది. ఇది మంచిదే. రెండోది నోరులేని తప్పు. ప్రోగ్రాము చివరిదాకా నడుస్తుంది, జవాబు కూడా చెబుతుంది. కాని ఆ జవాబు తప్పు. గణాంకశాస్త్రంలో మనకు ఎక్కువగా తగిలేది ఈ రెండో రకమే. సగటు 44 అని వచ్చినా, 55 అని వచ్చినా చూడటానికి రెండూ సగటులాగే ఉంటాయి మరి!

ఇది చిన్న విషయం కాదు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రభుత్వాల అప్పులకూ దేశాల అభివృద్ధికీ ఉన్న సంబంధం గురించి ఒక పత్రం ప్రచురించారు. స్థూల దేశీయోత్పత్తిలో అప్పు 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతం అని అందులో చూపించారు. ఎన్నో దేశాల్లో ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలన్న వాదనకు ఈ పత్రం ఆధారమయింది. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి తన అధ్యాపకులు ఇద్దరితో కలిసి ఆ లెక్కను మళ్ళీ చేసి చూశాడు. ఎక్సెల్ పట్టికలో సగటు తీసే సూత్రం అయిదు దేశాల వరుసలను వదిలేసింది. ఇంకొన్ని సంవత్సరాల వివరాలు లెక్కలోకి రాలేదు, దేశాలకు ఇచ్చిన భారాల మీద కూడా అభ్యంతరాలున్నాయి. అన్నీ సవరించాక వచ్చిన సగటు 2.2 శాతం. మూడేళ్ళపాటు ఆ పట్టిక ఒక్క ఎర్ర అక్షరమైనా చూపించలేదు. పట్టుకున్నది ఒక విద్యార్థి అన్న సంగతి మీరు గుర్తుంచుకోదగ్గది.

నోరులేని తప్పును పట్టాలంటే లెక్క నడుస్తుండగా దాన్ని ఆపి, లోపలికి తొంగి చూడాలి. ఈ పనినే డీబగ్గింగు అంటారు. బగ్ అంటే పురుగు. యంత్రంలోని లోపాన్ని పురుగు అని పిలవడం ఎడిసన్ కాలం నుంచీ ఉంది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటరు రిలేలో నిజంగానే ఒక చిమ్మట దొరికితే, అక్కడి వారు దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అతికించారు. మాట పాతదే, పురుగు మాత్రం ఆ రోజు కొత్తది.

ఈ పాఠంలో మనం తీసుకునే భాష పేరు ఆర్. గణాంక గణనల కోసం అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో జాన్ చాంబర్స్ బృందం 1976లో ఎస్ అనే భాషను మొదలుపెట్టింది. దాని బాటలోనే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల తొలినాళ్ళలో ఆర్ భాషను తయారుచేశారు. ఇద్దరి పేర్లూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. దాని మొదటి పూర్తి సంచిక, అంటే 1.0.0, వెలువడింది 2000 ఫిబ్రవరి 29న. దీన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, కాబట్టి మీ కాలేజీ ల్యాబులో లేకపోయినా ఇంటి కంప్యూటరులో పెట్టుకోవచ్చు.

ఒక చిన్న సూచన. ఈ పాఠంలో ఆదేశాలన్నిటినీ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాం. మీరు కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఆర్ దృష్టిలో వేరు వేరు. మనం పెట్టుకునే తెలుగు పేర్లను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ఒక ఉదాహరణ

అయిదుగురు విద్యార్థుల మార్కులు ఇలా ఉన్నాయనుకుందాం: 40, 50, 60, ఎన్‌ఏ, 70. నాలుగో విద్యార్థి పరీక్షకు రాలేదు. రాని విలువను ఆర్ భాషలో ఎన్‌ఏ అని రాస్తారు. ఈ మార్కులకు విచలన గుణకం కావాలి. అంటే ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి 100తో గుణించాలి. మూడు ఫంక్షన్లు రాద్దాం.

సగటు <- ఫంక్షన్(ఎక్స్) {
  మొత్తం <- సమ్(ఎక్స్, ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ)
  ఎన్ <- లెంగ్త్(ఎక్స్)
  మొత్తం / ఎన్
}

విచలనం <- ఫంక్షన్(ఎక్స్) {
  తేడా <- ఎక్స్ - సగటు(ఎక్స్)
  ఎన్ <- లెంగ్త్(ఎక్స్)
  ఎస్‌క్యూఆర్‌టీ(సమ్(తేడా^2, ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ) / (ఎన్ - 1))
}

గుణకం <- ఫంక్షన్(ఎక్స్) {
  100 * విచలనం(ఎక్స్) / సగటు(ఎక్స్)
}

ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ అంటే రాని విలువలను వదిలేసి కూడమని అర్థం. ఇప్పుడు మార్కుల మీద గుణకం నడిపితే 35.6 వస్తుంది. ఆర్ ఏమీ అభ్యంతరం చెప్పదు. చేత్తో వేసి చూడండి. పరీక్ష రాసిన నలుగురి మొత్తం 220, సగటు 55. తేడాల వర్గాల మొత్తం 500, దాన్ని 3తో భాగించి వర్గమూలం తీస్తే 12.91. గుణకం 23.5 రావాలి. 35.6 ఎక్కడ, 23.5 ఎక్కడ! మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పవలసిన సంఖ్యే సగానికి సగం పెరిగిపోయింది.

ఆపి చూడటం

అనుమానం సగటు మీద. అందుకని డీబగ్(సగటు) అని కొడతాం. ఇలా కొట్టగానే ఏమీ జరిగినట్టు కనిపించదు. కాని ఆర్ ఆ ఫంక్షన్ మీద ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఇకమీదట ఆ ఫంక్షన్‌ను ఎవరు పిలిచినా, మనం పిలిచినా మరో ఫంక్షన్ పిలిచినా, దాని గుమ్మంలోనే పని ఆగుతుంది. తెర మీద బ్రౌజ్ అనే మాటతో మొదలయ్యే వరుస వస్తుంది. అక్కడ ఎన్ అని కొడితే తరువాతి వాక్యానికి వెళతాం. ఎస్ అని కొడితే ఆ వాక్యం పిలిచే ఫంక్షన్ లోపలికి దిగుతాం. ఎఫ్ అంటే ఈ లూపునో, ఫంక్షన్‌నో ముగించమని. సి అంటే ఆగకుండా సాగమని. పెద్ద అక్షరం క్యూ అంటే మొత్తం వదిలేసి బయటికి రమ్మని. ఎక్కడున్నామో తెలియకపోతే వేర్ అని కొట్టండి. ఎవరు పిలిస్తే ఎవరు వచ్చారో ఆ వంశవృక్షం చూపిస్తుంది.

గుణకం(మార్కులు) అని నడపండి. సగటు గుమ్మంలో ఆగుతారు. సి కొట్టి సాగనివ్వండి. మళ్ళీ సగటు గుమ్మంలోనే ఆగుతారు! ఇదేమిటి, ఒకసారి అయిపోయింది కదా అనిపిస్తుంది. ఈసారి వేర్ కొట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటిసారి సగటును పిలిచింది విచలనం, రెండోసారి పిలిచింది గుణకం. ఒక గుర్తుకు రెండు ఆగడాలు.

గణాంక విద్యార్థులు తప్పకుండా పడే గుంట ఒకటి ఇక్కడుంది. మనం పరిశీలనల సంఖ్యకు ఎన్ అని పేరు పెట్టాం. దాని విలువ చూద్దామని బ్రౌజ్ వరుసలో ఎన్ కొడితే విలువ రాదు, తరువాతి వాక్యానికి జారిపోతాం. ఎందుకంటే అక్కడ ఎన్ అంటే ఆదేశం. సి, ఎస్, ఎఫ్ అనే పేర్లకూ ఇదే గతి. విలువ కావాలంటే ప్రింట్(ఎన్) అని కొట్టాలి. అలా కొడితే 5 వస్తుంది. పరీక్ష రాసింది నలుగురు, లెక్కలోకి వచ్చింది అయిదుగురు! లెంగ్త్ అనేది ఎన్‌ఏలను కూడా లెక్కపెడుతుంది. 220ని 5తో భాగించి 44 సగటు అంటోంది మన ఫంక్షన్. పురుగు దొరికింది.

ఎడిటరులో ఆ వరుసను ఎన్ <- సమ్(!ఈజ్.ఎన్‌ఏ(ఎక్స్)) అని దిద్ది, ఆ ఒక్క ఫంక్షన్‌ను మళ్ళీ ఆర్‌కు పంపుతాం. గుణకం నడిపితే ఈసారి ఎక్కడా ఆగకుండా 20.3 అని వస్తుంది. జవాబు మారింది, ఆగలేదు కూడా, అంటే పని అయిపోయిందని పుస్తకం మూసేస్తే పొరపాటే. సరైన జవాబు 23.5. విచలనంలో రెండో ఎన్ ఇంకా 5 దగ్గరే ఉంది. అసలు ప్రశ్న ఇంకొకటి. సగటు మీద గుర్తు పెట్టాం కదా, మరి ఎందుకు ఆగలేదు?

గుర్తు పేరు మీద కాదు

ఈ సంగతి తెలిస్తే మిగతా పాఠమంతా తేలిక. ఒక కుర్రవాడికి ఇంట్లో పేరు చిన్నా, బడిలో పేరు వెంకటేశ్వర్లు. వాడి నుదుట బొట్టు పెడితే, ఏ పేరుతో పిలిచినా బొట్టుతోనే వస్తాడు. బొట్టు ఉన్నది మనిషికి, పేరుకు కాదు. ఆర్‌లో ఫంక్షన్ అనేది ఒక వస్తువు. సగటు అనేది ఆ వస్తువుకు పెట్టిన పేరు. డీబగ్ పెట్టే గుర్తు వస్తువు మీద పడుతుంది. మీరు ఫంక్షన్‌ను దిద్ది మళ్ళీ పంపినప్పుడు ఆర్ కొత్త వస్తువును తయారుచేసి, సగటు అనే పేరును దానికి ఇచ్చేస్తుంది. కొత్తవాడి నుదుట బొట్టు లేదు. అందుకే ఆగలేదు.

దీని నుంచే ఇంకో చిక్కు వస్తుంది. ముందుగా మధ్యమం <- సగటు అని రాసి ఉన్నారనుకోండి. అప్పుడు ఒకే వస్తువుకు రెండు పేర్లు. డీబగ్(సగటు) అంటే మధ్యమం కూడా ఆగుతుంది. ఆ తరువాత సగటును దిద్ది పంపితే సగటు కొత్తదవుతుంది. మధ్యమం మాత్రం పాత వస్తువునే పట్టుకుని ఉంటుంది, పాత గుర్తుతోనూ పాత తప్పుతోనూ.

మూడు ఫంక్షన్లూ ఒకే ఫైలులో ఉండి, దిద్దిన ప్రతిసారీ మొత్తం ఫైలును సోర్స్ చేసే అలవాటు మీకుంటే, మూడింటి గుర్తులూ ఒక్కసారిగా పోతాయి. దిద్దిన ఒక్కదాన్నే పంపే అలవాటుంటే దాని గుర్తు మాత్రమే పోతుంది, మిగతావి ఉంటాయి. కాసేపయ్యాక దేనికి ఉందో, దేనికి పోయిందో ఎవరికి గుర్తుంటుంది? మూడు ఫంక్షన్లకే ఇలా అయితే, ప్రాజెక్టులో ముప్ఫై ఫంక్షన్లు రాసినవారి సంగతి చెప్పనక్కర్లేదు.

గుర్తు ఉందో లేదో అడగడానికి ఆర్‌లో ఈజ్‌డీబగ్డ్ అనే ఫంక్షన్ ఉంది. ఈజ్‌డీబగ్డ్(సగటు) అంటే ట్రూ అనో ఫాల్స్ అనో చెబుతుంది. గుర్తు తీసేయడానికి అన్‌డీబగ్. గుర్తు లేనిదాని మీద అన్‌డీబగ్ వాడితే, అది డీబగ్‌లో లేదని ఆర్ హెచ్చరిస్తుంది. చాలామంది ఈ హెచ్చరికను చూసీ చూడనట్టు వదిలేస్తారు. నిజానికి అది మనకు తెలియకుండా గుర్తు ఎప్పుడో రాలిపోయిందని చెప్పే కబురు.

కాని ఈజ్‌డీబగ్డ్ ఒక్కొక్క ఫంక్షన్ గురించే చెబుతుంది. గుర్తున్నవన్నీ చూపించు అని అడిగితే చూపించే ఆదేశం ఆర్ మూలభాగంలో లేదు. ఇంత పెద్ద భాషలో ఈ చిన్న సదుపాయం లేకపోవడం నాకైతే వింతగానే తోస్తుంది. పోనీయండి, మనమే రాసుకుందాం.

గుర్తులు <- ఫంక్షన్(చోటు = గ్లోబల్‌ఎన్వ్()) {
  పేర్లు <- ఎల్‌ఎస్(చోటు, ఆల్.నేమ్స్ = ట్రూ)
  ఫర్ (పేరు ఇన్ పేర్లు) {
    వస్తువు <- గెట్(పేరు, చోటు)
    ఇఫ్ (ఈజ్.ఫంక్షన్(వస్తువు) && ఈజ్‌డీబగ్డ్(వస్తువు)) ప్రింట్(పేరు)
  }
}

ఇందులో ప్రతి వరుసకూ కారణం ఉంది. ఎల్‌ఎస్ అనేది ఒక చోట ఉన్న పేర్లన్నిటినీ ఇస్తుంది. చుక్కతో మొదలయ్యే పేర్లను అది మామూలుగా దాచేస్తుంది, అవీ కావాలని ఆల్.నేమ్స్ అడిగాం. చోటు ఏదో చెప్పకుండా వట్టి ఎల్‌ఎస్() అని రాసి ఉంటే ఏమయ్యేది? ఫంక్షన్ లోపల ఎల్‌ఎస్() అంటే ఆ ఫంక్షన్ సొంత పేర్లే వస్తాయి. మన పనిబల్ల మీద ఉన్నవి రావు. అందుకే గ్లోబల్‌ఎన్వ్ అని చోటు చెప్పాం. మన పనిచోటులో ఫంక్షన్లే కాదు, మార్కులలాంటి దత్తాంశం కూడా ఉంటుంది. మార్కులను పట్టుకుని ఈజ్‌డీబగ్డ్ అని అడిగితే, ఇది ఫంక్షన్ కాదని ఆర్ ఆగిపోతుంది. కనుక ముందు ఈజ్.ఫంక్షన్, ఆ తరువాతే ఈజ్‌డీబగ్డ్. జంట గుర్తు && మొదటిది ఫాల్స్ అయితే రెండోదాని జోలికి పోదు. ఆ వరుస తారుమారు చేసి రాసి చూడండి, దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

పద్దు పుస్తకం

గుర్తులు() అని కొడితే ఇప్పుడు ఏవి ఆగుతాయో తెలుస్తుంది. ఏవి ఆగాలని మనం అనుకున్నామో మాత్రం తెలియదు. ఈ రెంటికీ తేడా ఉంది. కిరాణా కొట్టులో సరుకు ఎంత ఉందో అల్మరా చూస్తే తెలుస్తుంది. ఎంత ఉండాలో పద్దు పుస్తకం చూస్తే తెలుస్తుంది. రెండూ సరిపోల్చినప్పుడే ఏం పోయిందో బయటపడుతుంది. మనకూ ఒక పద్దు కావాలి.

పద్దు <- క్యారెక్టర్(0)

గుర్తుపెట్టు <- ఫంక్షన్(పేరు) {
  డీబగ్(గెట్(పేరు, గ్లోబల్‌ఎన్వ్()))
  పద్దు <<- యూనియన్(పద్దు, పేరు)
}

గుర్తుతీయి <- ఫంక్షన్(పేరు) {
  అన్‌డీబగ్(గెట్(పేరు, గ్లోబల్‌ఎన్వ్()))
  పద్దు <<- సెట్‌డిఫ్(పద్దు, పేరు)
}

పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాలి. రెండు బాణాలు కలిసిన <<- గుర్తును గమనించండి. మామూలు బాణం రాస్తే ఫంక్షన్ లోపలే ఒక తాత్కాలిక పద్దు పుట్టి, ఫంక్షన్‌తోపాటే మాయమవుతుంది. జంట బాణం బయట ఉన్న అసలు పద్దును మారుస్తుంది. యూనియన్ వాడినందువల్ల ఒకే పేరు రెండుసార్లు పద్దుకెక్కదు.

ఇక ఫైలును మళ్ళీ సోర్స్ చేసిన ప్రతిసారీ ఫర్ (పేరు ఇన్ పద్దు) గుర్తుపెట్టు(పేరు) అని ఒక్క వరుస నడిపితే రాలిపోయిన గుర్తులన్నీ తిరిగి వస్తాయి. ఒక జాగ్రత్త: పద్దు <- క్యారెక్టర్(0) అనే వరుసను ఆ ఫైలులోనే పెట్టకండి, సోర్స్ చేసినప్పుడల్లా పద్దు ఖాళీ అయిపోతుంది. ఈ సరంజామాను వేరే ఫైలులో ఉంచుకుని, ఆర్ తెరిచినప్పుడు ఒక్కసారి నడపండి.

మన ఉదాహరణలో ఇది ఉండి ఉంటే ఏం జరిగేదో చూడండి. సగటును దిద్ది పంపాక 20.3 వచ్చింది, ఆగలేదు. పద్దులో సగటు ఉంది, గుర్తులు() జాబితాలో లేదు. వెంటనే అర్థమవుతుంది: లెక్క సరిపోయినందువల్ల కాదు, గుర్తు రాలినందువల్ల ఆగలేదు. మళ్ళీ గుర్తు పెట్టి, ఈసారి విచలనం మీద కూడా పెట్టి నడిపితే, ప్రింట్(ఎన్) విచలనంలో 5 అని చూపిస్తుంది. అదీ దిద్దితే 23.5 వస్తుంది, చేత్తో వేసిన జవాబుతో కలుస్తుంది.

పొరపాటు ఇటువైపే కాదు, అటువైపూ జరుగుతుంది. పని అయ్యాక గుర్తు తీయడం మరిచిపోతే? పునఃప్రతిచయన పద్ధతి, అంటే బూట్‌స్ట్రాప్, మీలో కొందరు చదివే ఉంటారు. అందులో దత్తాంశం నుంచి మళ్ళీ మళ్ళీ నమూనాలు తీసి, ప్రతి నమూనాకూ గుణకం లెక్కిస్తారు. 1000 నమూనాలకు నడిపారనుకోండి. ఒక్కొక్క గుణకం సగటును రెండుసార్లు పిలుస్తుందని చూశాం. సగటు మీద గుర్తు మిగిలిపోతే కంప్యూటరు 2000 సార్లు ఆగుతుంది! రాత్రి నడిపించి పొద్దున చూద్దామని పడుకుంటే, పొద్దున కనిపించేది మొదటి గుమ్మంలోనే నిలబడి ఉన్న ప్రోగ్రాము. ప్రాజెక్టు సమర్పించే ముందురోజు ఇలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెద్ద పరుగు మొదలుపెట్టే ముందు ఫర్ (పేరు ఇన్ పద్దు) గుర్తుతీయి(పేరు) అని పద్దు చెల్లు చేసి, గుర్తులు() ఖాళీగా వస్తోందో లేదో చూడాలి.

ఒక్కసారి ఆగితే చాలనుకున్నప్పుడు డీబగ్‌వన్స్ వాడండి. తరువాతి పిలుపులో ఒక్కసారి ఆగి, ఆ గుర్తు దానంతటదే పోతుంది. మరుపు ఎక్కువగా ఉన్నవారికి నేను చెప్పేది ఇదే.

మనవి కాని ఫంక్షన్లు

ఇప్పటిదాకా మనం రాసిన ఫంక్షన్ల గురించే మాట్లాడాం. ఆర్‌తో వచ్చే ఫంక్షన్లకు కూడా గుర్తు పెట్టవచ్చు. ఉదాహరణకు మహలనోబిస్ అనే ఫంక్షన్. ఇది మన దేశపు పేరే. 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1936లో తన సామాన్యీకృత దూరాన్ని ప్రచురించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి ఆ సంస్థకు వెళ్ళిన మన సి.ఆర్.రావు, మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి యునైటెడ్ ప్రావిన్సుల ప్రజల శరీర కొలతలను ఈ దూరంతోనే విశ్లేషించారు. ఆ పరిశీలన 1949లో వెలువడింది.

ఆర్‌లోని మహలనోబిస్ ఫంక్షన్ గురించి రెండు సంగతులు తెలియకపోతే తప్పులు వస్తాయి. అది ఇచ్చేది దూరం కాదు, దూరపు వర్గం. ఇక రెండోది: మీరు దానికి మాత్రిక కాకుండా వట్టి సదిశ ఇస్తే, దాన్ని ఒకే వ్యక్తికి చెందిన అనేక కొలతలుగా తీసుకుంటుంది. నలభై మంది ఎత్తులను ఒక సదిశగా ఇచ్చి నలభై దూరాలు వస్తాయని ఎదురుచూస్తే, మాత్రికల కొలతలు కుదరలేదన్న ఫిర్యాదు వస్తుంది. డీబగ్(మహలనోబిస్) పెట్టి మొదటి వాక్యం దాటగానే ప్రింట్(డిమ్(ఎక్స్)) అని అడగండి. 1, 40 అని వస్తుంది: ఒక వరుస, నలభై నిలువులు. కారణం కళ్ళ ముందే ఉంటుంది.

ఇప్పుడు గుర్తులు() కొడితే మహలనోబిస్ పేరు జాబితాలో రాదు. అది మన పనిబల్ల మీద లేదు, స్టాట్స్ అనే ప్యాకేజీలో ఉంది. మన ఫంక్షన్‌కు చోటు అనే ద్వారం పెట్టింది ఇందుకే. గుర్తులు("ప్యాకేజ్:స్టాట్స్") అంటే కనిపిస్తుంది. ప్యాకేజీ బయటికి చూపించని లోపలి ఫంక్షన్ల మీద గుర్తు పెట్టి ఉంటే గుర్తులు(యాజ్‌నేమ్‌స్పేస్("స్టాట్స్")) అని లోపలి గది తెరవాలి. తెరిచి ఉన్న ప్యాకేజీలన్నీ వెతకాలంటే లోడెడ్‌నేమ్‌స్పేసెస్() ఇచ్చే పేర్ల మీద ఒక లూపు చాలు. కొద్దిగా సమయం పడుతుంది, ఎందుకంటే వేల ఫంక్షన్లను తట్టి చూడాలి.

ఇక్కడ కథ తలకిందులవుతుంది. మన సొంత ఫంక్షన్ల గుర్తులు ఊరికే రాలిపోతాయి, ఎందుకంటే వాటిని మనం మాటిమాటికీ దిద్ది పంపుతాం. ప్యాకేజీ ఫంక్షన్లను మనం దిద్దం. అందుకని వాటి మీద పెట్టిన గుర్తు, మనం తీసేదాకానో ఆర్‌ను మూసేదాకానో అలాగే అంటిపెట్టుకుని ఉంటుంది. మన ఫైలును ఎన్నిసార్లు సోర్స్ చేసినా పోదు. గంట తరువాత సంబంధం లేని వేరే ప్రోగ్రాము ఎందుకు ఆగిందో తెలియక తల పట్టుకునేది చాలావరకు ఇలాంటి గుర్తు వల్లనే.

ఈ జాబితాకు అందనివి కూడా ఉన్నాయి. ఒక ఫంక్షన్ లోపల రాసిన చిన్న ఫంక్షన్, బయటిదాన్ని పిలిచిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, పని కాగానే పోతుంది. దాని మీద బయటనుంచి గుర్తు పెట్టలేం. బ్రౌజర్() అనే పిలుపును ఆ లోపలే ఒక వరుసగా రాయాలి. ఆ వరుస ఫంక్షన్ పాఠంలో భాగమే తప్ప గుర్తు కాదు, కనుక ఈజ్‌డీబగ్డ్‌కు కనిపించదు. ఎడిటరులో ఆ మాట కోసం వెతికి తీసేయడమే దారి. ట్రేస్ అనే మరో సాధనం ఉంది. అది గుర్తు పెట్టదు, ఫంక్షన్ స్థానంలో మార్పు చేసిన నకలును కూర్చోబెడుతుంది. దాన్ని తీసేది అన్‌ట్రేస్. మన గుర్తులు ఫంక్షన్ దాన్నీ చూడలేదు.

ఈ ఇబ్బంది ముందే గ్రహించినవారు లేకపోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన మార్క్ బ్రావింగ్టన్ డీబగ్ అనే పేరుతోనే ఒక ప్యాకేజీ తయారుచేసి, 2003లో ఆర్ న్యూస్ పత్రికలో దాన్ని వివరించారు. అందులో డీబగ్‌కు బదులు ఎంట్రేస్ అనే ఆదేశం వాడతారు. ఏ ఏ ఫంక్షన్లు గమనికలో ఉన్నాయో చెప్పే చెక్.ఫర్.ట్రేసీస్, అన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేసే ఎంట్రేస్.ఆఫ్ అందులో ఉన్నాయి. మనం రాసుకున్న జాబితా, పద్దు చేసే పని ఇవే. ఆర్‌స్టూడియో వాడేవారు వరుస పక్కన నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, ఆ చుక్క ఉన్నచోట పని ఆగుతుంది. ఎక్కడెక్కడ పెట్టామో కంటికి కనిపించడం అందులోని సుఖం. అయితే డీబగ్ ఆదేశంతో పెట్టిన గుర్తుకు ఆ చుక్క రాదు. చుక్కలు లేవు కదా అని ధైర్యంగా ఉండకండి, గుర్తులు() ఒకసారి నడిపి చూడండి.

అభ్యాసం కోసం: గుర్తులు ఫంక్షన్‌ను కొద్దిగా మార్చి, పేర్లను ప్రింట్ చేయడానికి బదులు ఒక సదిశగా తిరిగి ఇచ్చేలా రాయండి. అప్పుడు సెట్‌డిఫ్(పద్దు, గుర్తులు()) అంటే రాలిపోయినవి, సెట్‌డిఫ్(గుర్తులు(), పద్దు) అంటే పద్దుకెక్కకుండా మిగిలినవి వస్తాయి. మధ్యమం <- సగటు అని రాసి, సగటు మీద గుర్తు పెట్టి, రెండో జాబితాలో ఏ పేరు వస్తుందో చూడండి.